శస్త్రచికిత్సకు ముందు ఒక్క మోతాదు

హెర్నియా అను మాటను ఎరుగనివారుండవచ్చునుగాని, గజ్జలలో పేగు దిగుట అనినచో ఎరుగని గ్రామముండదు. పొలములో బరువులెత్తు పాలేర్లలోను, రైలు స్టేషనులో మూటలు మోయు హమాలీలలోను, చిరకాలముగా దగ్గుతో బాధపడు వృద్ధులలోను, ఒక్కొక్కప్పుడు ఉయ్యాలలోని పసిబిడ్డలలో సైతము ఇది కనుపించును. మన ఆయుర్వేద గ్రంథములు దీనికి ఆంత్రవృద్ధి అని పేరిడినవి. పలువురు దీనిని వరిబీజముతో కలిపి రెండును ఒక్కటే అనుకొందురు. కాని అవి వేరు. వరిబీజమున వృషణము చుట్టును నీరు చేరును. హెర్నియాలో కడుపు గోడయందలి బలహీనమైన చోటుగుండా లోపలి పొర, దాని వెంట పేగు, వెలుపలికి తోసికొని వచ్చును. నిలుచున్నప్పుడును దగ్గినప్పుడును ఉబ్బు కనుపించును. పడుకొన్నచో లోనికి జారును. పురుషులలో నూటికి 27 మందికి, స్త్రీలలో నూటికి ముగ్గురికి జీవితకాలములో ఎప్పుడో ఒకప్పుడు గజ్జలలోని హెర్నియాకు శస్త్రచికిత్స అవసరమగునని వైద్యులు లెక్కించినారు. ప్రపంచమంతటను ఏటా ఇట్టి శస్త్రచికిత్సలు సుమారు 2 కోట్లు జరుగుచున్నవి.

నడుమునకు పట్టీ బిగించుకొన్నంత మాత్రమున ఈ వ్యాధి కుదురదు. మందులతోను కుదురదు. చిరిగిన బట్టకు కుట్టు వేయవలసినట్లే, బలహీనపడిన కడుపు గోడను శస్త్రవైద్యుడు సరిచేయవలసినదే. జారిన పేగు ఇరుకున చిక్కుకొని, రక్తప్రసారము నిలిచినచో, అది ప్రాణాపాయము. కనుకనే అంతవరకు రానీయక ముందుగానే చికిత్స చేయించుకొనుట మేలని చెప్పుదురు.

అయితే, నేటి ప్రసంగ విషయము హెర్నియా కాదు. ఆ శస్త్రచికిత్స చుట్టును అల్లుకొన్న ఒక ప్రశ్న. రోగిని ఆసుపత్రిలో చేర్చిన మరునాటినుండి బంధువులు డాక్టరుగారిని అడుగు మొదటి మాట ఇది: "అయ్యా, మంచి సూదిమందులు వేయుచున్నారు గదా?" రోజుకు రెండు పూటలు, ఐదు రోజులు సూదిమందు వేసిన డాక్టరు శ్రద్ధగలవాడనియు, ఒక్కసారి వేసి ఊరకున్నవాడు పట్టించుకొననివాడనియు మనలో ఒక అభిప్రాయము పాదుకొన్నది. ఈ అభిప్రాయము ఎంతవరకు నిజము? హెర్నియా శస్త్రచికిత్సలో గాయము చీము పట్టకుండుటకు ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ మందు వాడవలెనా? వాడవలసినచో ఎప్పుడు, ఎంత? ఇది కేవలము వైద్యులు తేల్చుకొనవలసిన విషయమని శ్రోతలు తలంపరాదు. రోగి శరీరము, ఇంటి ఖర్చు, ఊరివారందరి క్షేమము కూడ ఇందులో ఇమిడియున్నవి.

ముందుగా ఒక భేదమును గుర్తించవలెను. వచ్చిన రోగమును పోగొట్టుటకు మందు వాడుట చికిత్స. రోగము రాకుండ వాడుట నివారణ. ఇల్లు తగులబడిన పిమ్మట నీళ్లు చల్లుట మొదటిది. వేసవి గాలులకు ముందు ఇంటి కప్పును తడిపియుంచుట రెండవది. రెంటికిని నీళ్లే వాడినను, పద్ధతి వేరు, వేళ వేరు, పరిమాణము వేరు. చీము పట్టిన గాయమునకు మందు పలుదినములు వాడవలసియుండవచ్చును. పట్టని గాయమును కాపాడుటకు ఆ లెక్క చెల్లదు.

శస్త్రవైద్య చరిత్రలో ఈ హెర్నియా చికిత్స గాయపు శుభ్రతకు ఒక గీటురాయి వలె నిలిచినది. 1867వ సంవత్సరమున ఇటలీలో ఎడోర్డో బస్సీని అను యువ వైద్యుడు గారిబాల్డీ పక్షమున పోరాడుచు గజ్జలలో బాయొనెట్ పోటు తినెను. గాయము పేగువరకు పోయి, చాల కాలము బాధించెను. ఆయనయే తరువాత గజ్జల నిర్మాణమును క్షుణ్ణముగా పరిశీలించి, 1884లో పాడువా నగరమున హెర్నియాను పొరలు పొరలుగా కుట్టి బాగుచేయు విధానమును ఆరంభించెను. నేటి హెర్నియా శస్త్రచికిత్సకు ఆద్యుడాయనయే. ఆయన గాయపడిన ఆ 1867లోనే, గ్లాస్గో నగర వైద్యుడు జోసెఫ్ లిస్టర్, కార్బాలిక్ ఆమ్లముతో గాయములను శుభ్రపరచినచో చీము పట్టదని తన అనుభవమును ప్రకటించెను. లిస్టరు మార్గము లేనిచో బస్సీని నేర్పు వ్యర్థమై పోయెడిది. ఎంత చక్కగా కుట్టినను, చీము పట్టిన కుట్లు నిలువవు గదా!

పిమ్మట అమెరికాలో ఒక వింత జరిగినది. బాల్టిమోరు నగరములోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యునివద్ద పనిచేయు నర్సు చేతులకు, క్రిమిసంహారక ద్రావకముల వలన చర్మవ్యాధి సోకెను. ఆమె చేతులను కాపాడుటకై ఆయన పలుచని రబ్బరు తొడుగులు చేయించెను. తరువాత ఆమెనే వివాహమాడెను కూడ. చేతులను కాపాడుటకు వచ్చిన ఆ తొడుగులు రోగి గాయమును కూడ కాపాడునని గ్రహించినవాడు ఆయన శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్. 450కి పైగా హెర్నియా శస్త్రచికిత్సలను లెక్కలోనికి తీసికొని, అందరును తొడుగులు ధరించిన పిమ్మట గాయము చెడుట నూటికి 17 నుండి సుమారు 2కు తగ్గినదని 1899లో ఆయన ప్రకటించెను. శ్రోతలు ఈ సంవత్సరమును గమనింపవలెను. అప్పటికి పెన్సిలిన్ లేదు; మరి యే యాంటీబయాటిక్ మందును లేదు. కేవలము శుభ్రతయే అంత పని చేసినది.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనెను. 1941లో ఆక్స్‌ఫర్డ్ నగరమున దానిని మొదటిసారిగా ఒక రోగికి వాడి ఫలితమును చూచిరి. 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించిన కాలమున, వారి పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొనెను. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అదియే మొదటిది. ఈ మందులు లక్షలాది ప్రాణములను నిలిపినవి. కాని వాటి శక్తిని చూచిన లోకము, ఇక శుభ్రతతో పనిలేదన్నట్లు, శస్త్రచికిత్స ముగిసిన పిమ్మట దినముల తరబడి వాటిని వాడజొచ్చినది. ఆశ్చర్యమేమనగా, అట్లు వాడినను గాయములు చెడుచునే యుండెను. కొందరు వైద్యులు విసిగి, నివారణకు ఈ మందులు పనికిరావని కూడ తేల్చివేసిరి.

ఆ చిక్కుముడిని విప్పినవాడు బోస్టన్ నగర శస్త్రవైద్యుడు జాన్ బర్క్. 1961లో ఆయన తన ప్రయోగముల ఫలితమును ప్రకటించెను. గినీ పందుల చర్మములోనికి చీము పుట్టించు క్రిములను ఎక్కించి, పెన్సిలిన్‌ను కొన్నింటికి ముందుగాను, కొన్నింటికి అదే సమయమునను, కొన్నింటికి గంట, రెండు గంటలు, మూడు గంటలు గడచిన పిమ్మటను ఇచ్చి చూచెను. క్రిములు ప్రవేశించునప్పటికే మందు శరీరములో నున్నచో పుండు దాదాపు పుట్టలేదు. ఆలస్యమైనకొలది మందు ప్రభావము తగ్గుచు వచ్చినది. మూడు గంటలు దాటిన పిమ్మట ఇచ్చిన మందునకును, అసలు ఇవ్వకపోవుటకును భేదము కనుపించలేదు. గాయపు భవితవ్యము ఆ తొలి గడియలలోనే నిర్ణయమైపోవునన్నమాట. దొంగ ఇంట ప్రవేశించునప్పుడు కావలివాడు గుమ్మమున నుండవలెను గాని, మరునాటి ఉదయము వచ్చి వీథిలో ఐదు దినములు పహరా కాచినచో ప్రయోజనమేమి?

మనుష్యుల విషయమున ఇదియే నిజమని 1992లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ వైద్యులు నిరూపించిరి. వారు 2,847 మంది శస్త్రచికిత్స రోగులను పరిశీలించిరి. కోతకు ముందు రెండు గంటలలోపుగా మందు అందినవారిలో గాయము చెడినది వెయ్యికి ఆరుగురికి మాత్రమే. కోత పెట్టిన పిమ్మట మూడు గంటలు దాటి మందు అందినవారిలో అది వెయ్యికి 33 మంది. మరీ ముందుగా, అనగా రెండు గంటలకంటె ఎక్కువ ముందుగా ఇచ్చినవారిలో వెయ్యికి 38 మంది. ఆలస్యమెంత నష్టమో, తొందరపాటును అంతే నష్టము. వార్డులో తెల్లవారుజామున సూదిమందు వేసి, మధ్యాహ్నము శస్త్రచికిత్సకు తీసికొనిపోయినచో, కోత వేళకు రక్తములోని మందు చాలవరకు మూత్రముతో వెలుపలికి పోయియుండును.

సరే, వేళ తెలిసినది. మరి హెర్నియాకు ఈ మందు అవసరమా? శస్త్రవైద్యులు గాయములను నాలుగు తరగతులుగా విభజించెదరు: శుభ్రమైనవి, కొంత కలుషితమగునవి, కలుషితమైనవి, చీముతో మురికిపట్టినవి. పేగునుగాని, మూత్రాశయమునుగాని తెరువని సాధారణ హెర్నియా శస్త్రచికిత్స మొదటి తరగతికి చెందినది. శుభ్రమైన గాయమునకు మందేల అని పూర్వము వాదించెడివారు. అయినను 1990లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో, హెర్నియాకుగాని రొమ్ముపైగాని శస్త్రచికిత్స జరిగిన 1,218 మందిని పరిశీలింపగా, ముందుగా ఒక్క మోతాదు ఇచ్చినవారిలో గాయము చెడుట 48 శాతము తక్కువగా నుండెను.

ఇంతలో హెర్నియా చికిత్సయే మారినది. లాస్ ఏంజెలెస్ వైద్యుడు ఇర్వింగ్ లిక్టెన్‌స్టీన్, ఆయన సహచరులు, కండరములను బిగలాగి కుట్టుటకు బదులు, ఆ చోట సన్నని ప్లాస్టిక్ వల నమర్చు విధానమును వ్యాప్తిలోనికి తెచ్చి, 1989లో వెయ్యిమంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. బిగువు లేనందున నొప్పి తక్కువ. హెర్నియా తిరిగివచ్చుటయు తక్కువ. నేడు పెద్దవారికి చేయు హెర్నియా చికిత్సలలో వలయే ప్రధానము. కాని వల శరీరమునకు పరాయి వస్తువు. పరాయి వస్తువు ఉన్నచోట క్రిములకు బలమెక్కువ. 1957లో లండనులో ఎలెక్, కోనెన్ అను ఇద్దరు పరిశోధకులు మానవ చర్మముపైననే ప్రయోగము చేసి, చీము పుట్టుటకు సాధారణముగా కొన్ని లక్షల క్రిములు కావలసియుండగా, ఒక పట్టుదారపు కుట్టు అచట నున్నచో కొన్ని వందలే చాలునని చూపిరి. ఒక్క దారమే ఇంత చేసినచో, అరచేతి వెడల్పుగల వల మాటేమి? వల చెడినచో దానిని తీసివేయుటకు మరల కోత పెట్టవలసిరావచ్చును.

కనుక వల నమర్చు ప్రతివారికిని మందు ఇవ్వవలసినదే అనిపించును. ఇచ్చటనే రెండు పరిశోధనలు మనలను ఆలోచింపజేయును. 2001లో తుర్కీ రాజధాని అంకారా వైద్యులు వలతో హెర్నియా చికిత్స పొందినవారిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మందును, రెండవదానికి మందు లేని ద్రావకమును ఇచ్చిరి. మందు పొందనివారిలో నూటికి 9 మందికి గాయము చెడగా, పొందినవారిలో నూటికి ఒక్కరికైన చెడలేదు. ఇక సందేహమేల అనుకొనుచుండగా, 2004లో హాలెండు వైద్యులు వెయ్యిమందికి పైగా రోగులపై అదే విధమైన పరిశోధనను ప్రకటించిరి. మందు పొందినవారిలో వెయ్యికి 16 మందికి, పొందనివారిలో వెయ్యికి 18 మందికి గాయము చెడినది. అనగా భేదము లేనట్లే.

ఇందులో ఎవరు నిజము? ఇరువురును నిజమే. హాలెండు ఆసుపత్రులలో మందు లేకుండగనే గాయములు చెడుట బహు తక్కువ. వెయ్యిమందికి మందు ఇచ్చినను, బాగుపడువారు మహా అయినచో ఇద్దరు. అంకారా పరిశోధనలో మందు లేనిచో నూటికి తొమ్మండుగురు బాధపడిరి గనుక, నూరుమందికి ఇచ్చినచో ఎనమండుగురు రక్షింపబడిరి. మందు గుణము మారలేదు; అది పనిచేయు పరిసరము మారినది. గట్టి కప్పుగల ఇంట గొడుగు తెరచినవానికి కలుగు లాభమేమి? కారుచున్న కప్పు క్రింద కూర్చున్నవానికి అదే గొడుగు ఆధారము.

ఆ తరువాత అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి చూచినవారికి ఇదే విషయము స్పష్టపడినది. 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్షలో 27 పరిశోధనలు, 8 వేలకు పైగా రోగులు లెక్కకు వచ్చిరి. గాయములు నూటికి అయిదుకు మించి చెడని ఆసుపత్రులలో వల నమర్చుటకు మందు ఇచ్చినందున లాభము అత్యల్పము. అంతకంటె ఎక్కువగా చెడు పరిసరములలో మందు మేలు చేయును. 2018లో ప్రకటింపబడిన అంతర్జాతీయ హెర్నియా వైద్యుల సూచనలును ఈ దారినే నడచినవి: శుభ్రత బాగుగానున్న ఆసుపత్రిలో, ఆరోగ్యవంతుడైన సామాన్య రోగికి తప్పనిసరిగా ఇవ్వనక్కరలేదు, అపాయము హెచ్చుగానున్న రోగికిని, గాయములు తరచుగా చెడు ఆసుపత్రిలోను ఇవ్వవలెను. మధుమేహము అదుపులో లేనివారు, రోగనిరోధకశక్తి తగ్గినవారు, హెర్నియా తిరిగివచ్చి మరల చికిత్స పొందువారు, ఈ హెచ్చు అపాయముగల కోవలోనివారు. చిన్న రంధ్రములగుండా దుర్భిణి గొట్టముతో చేయు చికిత్సలో గాయము చెడుట మరింత అరుదు. పసిపిల్లలకు వల అమర్చరు గనుక, వారికి సాధారణముగా ఈ మందు అవసరపడదు. పేగు చిక్కుకొని కుళ్లిన రోగి సంగతి వేరు. అది శుభ్రమైన గాయము కాదు. అతనికి ఇచ్చు మందు నివారణ కాదు, చికిత్సయే.

మన దేశమున ఆసుపత్రులన్నియు ఒక్క తీరుగా లేవు. కనుక మన శస్త్రవైద్యులలో పలువురు వల అమర్చునప్పుడు ఒక మోతాదు ఇచ్చుటకే మొగ్గుచూపెదరు. అది తప్పు కాదు. తప్పు మరియొకచోట నున్నది. ఆ ఒక్క మోతాదు ఐదు దినములై, పది మాత్రలై, ఇంటికి పోవునప్పుడు చీటీపై మరియొక వారమై పెరుగుటలో నున్నది.

మందును ఇచ్చు విధానమును క్లుప్తముగా చెప్పెదను. ఈ పనికి ఎక్కువగా వాడునది సెఫజోలిన్ అను మందు. చర్మముపై నివసించు చీము క్రిములను అది బాగుగా అణచును. పెద్దవారికి సాధారణముగా 2 గ్రాములు, కోతకు ముందు గంటలోపుగా, నరమునకు ఇచ్చెదరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించిన సూచనలలో కోతకు ముందు రెండు గంటలలోపుగా, మందు శరీరములో నిలుచు కాలమును బట్టి ఇవ్వవలెనని చెప్పినది. శస్త్రచికిత్స నాలుగు గంటలు దాటినచో సెఫజోలిన్‌ను మరల ఇవ్వవలెను. కాని సామాన్యమైన హెర్నియా చికిత్స అంతసేపు సాగదు గనుక ఒక్క మోతాదే చాలును. కుట్లు వేసిన పిమ్మట నివారణకై మందును కొనసాగింపరాదని ఆ సంస్థ స్పష్టముగా చెప్పినది. కుట్టు పడిన గాయపు పెదవులు రెండు దినములలోపుగానే అతుకుకొనును. క్రిములు లోనికి పోవు ద్వారము మూతపడిన పిమ్మట కావలి ఎవరికి?

"ఎక్కువ వాడినచో నష్టమేమి? మేలు కాకున్నను కీడు లేదు గదా" అని ఎవరైన అడుగవచ్చును. కీడున్నది. మొదటిది రోగికే. ఒంటిపై దద్దురులు, వాంతులు, విరేచనములు, అరుదుగా ప్రాణమునకే ముప్పుతెచ్చు వికటము కలుగవచ్చును. పేగులోని మేలుచేయు క్రిములు నశించి, మొండి విరేచనములు పట్టవచ్చును. ఖర్చు సరేసరి. రెండవ కీడు అందరికిని. యాంటీబయాటిక్ మందు ఇతర మందుల వంటిది కాదు. తలనొప్పి మాత్రను నేను వేసికొన్నచో నా పొరుగువాని తలనొప్పి మాత్ర పదును తగ్గదు. కాని నేను అనవసరముగా వాడిన యాంటీబయాటిక్ వలన నా శరీరములో మొండి క్రిములు మిగిలి పెరుగును. అవి నా ఇంటివారికిని, ఆసుపత్రిలో ప్రక్క మంచముమీది రోగికిని సంక్రమించును. ఇది ఊరి చెరువు నీటి వంటిది. ఒక రైతు తన మడి నిండిన పిమ్మటను తూము మూయకున్నచో, ఎండునది ఆయకట్టు చివరి రైతు పైరు.

పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగే 1945 డిసెంబరులో నోబెల్ బహుమతి ప్రసంగమున, ఈ మందును అరకొరగా వాడినచో దానికి లొంగని క్రిములు పుట్టునని హెచ్చరించెను. ఆ హెచ్చరిక నిజమైనది. 2019లో ప్రపంచమున 12 లక్షల 70 వేల మంది మరణములకు మందులకు లొంగని క్రిములే నేరుగా కారణమని 2022లో ప్రకటించిన అంచనా తెలుపుచున్నది. మన ప్రభుత్వము 2014 మార్చినుండి అనేక శక్తివంతములైన యాంటీబయాటిక్ మందులను హెచ్-1 పట్టికలో చేర్చి, డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదనియు, అమ్మినదానిని పుస్తకములో వ్రాయవలెననియు నియమించినది. నియమము అంగడివానికే కాదు. అడుగువానికిని అంతటి వివేకముండవలెను.

ఇక, మందు చేయలేని పనులను గూర్చి చెప్పవలెను. పరికరములను సరిగా శుద్ధిచేయని ఆసుపత్రిలో ఏ మందును రోగిని కాపాడలేదు. క్షయ క్రిమి జాతికి చెందిన కొన్ని క్రిములు నీటిలోను మట్టిలోను ఉండును. సరిగా శుద్ధిచేయని దుర్భిణి గొట్టముల వెంట అవి గాయములోనికి చేరి, వారముల పిమ్మట మానని పుండ్లుగా బయటపడిన ఉదంతములు మన దేశ వైద్యపత్రికలలో అనేకములు కలవు. ముందుగా ఇచ్చు సెఫజోలిన్‌కు అవి లొంగవు. అచట కావలసినది మందు కాదు; ఆవిరితో శుద్ధిచేయు యంత్రము, దానిని శ్రద్ధగా నడుపు మనిషి.

రోగియు, ఇంటివారును చేయదగిన పనులు కొన్ని కలవు. శస్త్రచికిత్సకు ముందు సబ్బుతో శుభ్రముగా స్నానము చేయవలెను. మంగలికత్తితోగాని బ్లేడుతోగాని గజ్జలను ముందురోజు రాత్రియే గొరిగించుకొనుట మనలో అలవాటు. ఇది మంచిది కాదు. కత్తి చర్మముపై కంటికి కనబడని గాట్లు చేయును. తెల్లవారునప్పటికి ఆ గాట్లలో క్రిములు కాపురము పెట్టును. కెనడాలోని కాల్గరీ నగరమున 23 వేలకు పైగా గాయములను పరిశీలించి 1973లో ప్రకటించిన లెక్కలలో, శుభ్రమైన శస్త్రచికిత్సలందు గొరిగినవారిలో నూటికి 2.3 మందికి గాయము చెడగా, వెండ్రుకలను కత్తిరింపక, గొరుగక వదలినవారిలో ఒక్కరికంటె తక్కువమందికే చెడినది. అవసరమైనచో ఆసుపత్రిలోనే కత్తిరింపు యంత్రముతో తీయుదురు. మధుమేహమున్నవారు రక్తములోని చక్కెరను ముందుగానే అదుపులోనికి తెచ్చుకొనవలెను. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగువారు కనీసము నాలుగు వారములముందు మానవలెను. ఒంటిపై సెగగడ్డగాని, గజ్జలలో తామరగాని ఉన్నచో దాచక చెప్పవలెను. అది మానువరకు శస్త్రచికిత్సను వాయిదా వేయుట ఉత్తమము. ఏ మందైన పడనిచో దాని పేరును వ్రాసి డాక్టరుగారికి చూపవలెను.

ఇంటికి వచ్చిన పిమ్మట కుట్లపై పసుపుగాని, ఆకు పసరుగాని పూయరాదు. కొద్దిపాటి వాపు, నొప్పి, నీలిమచ్చ సహజము. అవి చీముకు గుర్తులు కావు. నొప్పి రోజురోజుకు తగ్గక పెరుగుచున్నను, గాయము ఎర్రబడి వేడెక్కినను, చీము కారినను, జ్వరము వచ్చినను, మందుల అంగడికి పోక, చికిత్స చేసిన వైద్యునివద్దకే పోవలెను. అంగడిలో తెచ్చిన మాత్రలు లోపలి చీమును కప్పిపుచ్చునే గాని తొలగింపలేవు. వల అమర్చినవారిలో ఇది మూడు నెలలలోపు ఎప్పుడైనను కనుపించవచ్చును గనుక, అంతవరకు కనిపెట్టియుండవలెను.

కనుక, ఇకమీదట మనవారు ఆసుపత్రిలో డాక్టరుగారిని అడుగవలసిన ప్రశ్నలు మార్చుకొందము. "మంచి సూదిమందులు ఎన్నాళ్లు వేయుదురు?" అని కాక, "మా నాన్నగారికి ఈ మందు అవసరమా? అవసరమైనచో కోతకు ముందే అందునా? పిమ్మట మానివేయుదురా?" అని అడుగుదము. ఇట్టి ప్రశ్నకు మంచి వైద్యుడు కోపింపడు; సంతోషించును. బంధువులు అసంతృప్తి చెందుదురేమో అను జంకుతోనే అనేకమంది వైద్యులు అవసరము లేదని తెలిసియు ఐదు దినముల మందు వ్రాయుచున్నారు. ఆ జంకును తొలగించు శక్తి మనయందే కలదు. ఒక్క మోతాదు వేసి ఊరకున్న డాక్టరు అశ్రద్ధ చేసినవాడు కాడు. ఆ ఒక్కదానిని సరియైన గడియలో వేసినవాడైనచో, మన రోగికిని, రేపు అదే మంచముమీదికి రాబోవు పరాయివానికిని ఒక్కమారే మేలు చేసినవాడగును.